మామ అడిగింది పల్లి, నేను రాసింది వేరుశనగ

నాగర్‌కర్నూల్ జిల్లా బిజినేపల్లి దగ్గర మా మేనమామకు నాలుగెకరాల పల్లి చేను ఉంది. కొన్నేళ్ల కింద ఒక యాసంగిలో నేను వాళ్లింటికి పోయేసరికి ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఒక చేతిలో పల్లి కొమ్మ, ఇంకో చేతిలో ఫోన్. ఆకు తిప్పి నాకు చూపించాడు. అడుగున నల్లటి చుక్కలు, మిరియాలు దంచి చల్లినట్టు. తర్వాత ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకుని, "పల్లి చేనుకు నల్ల మచ్చలొచ్చినయి, ఏం మందు కొట్టాలె" అని అడిగాడు. వీడియోలు వచ్చాయి. ఒకదాంట్లో మాట్లాడేది పత్తి గురించి, ఇంకోదాంట్లో ఎక్కడి భాషో కూడా తెలియలేదు. చదువుకోవడానికి తెలుగులో ఒక్క పేజీ కూడా పైన కనిపించలేదు.

డిగ్రీ చదివే మా మరదలు ఫోన్ తీసుకుని, "పుస్తకాల్ల దాన్ని వేరుశనగ అంటరు నాన్నా, ఆకుమచ్చ తెగులు అని కొట్టాలె" అంటూ టైప్ చేసింది. ఈసారి ఒక పేజీ వచ్చింది. మామ అద్దాలు సర్దుకుని, పెదాలు కదుపుతూ, వేలితో పైకి జరుపుకుంటూ చదివాడు. చివరిదాకా పోయి మళ్లీ మొదటికొచ్చాడు. అప్పుడు ఫోన్ నాకిచ్చాడు.

"అల్లుడా, ఇంత రాసిండ్రు గని మందు పేరు ఏడ రాసిండ్రు? జర చూడు."

మొదటి వాక్యం చూడగానే గుర్తుపట్టాను. ఆ పేజీ రాసింది నేనే.

దాన్ని హైదరాబాద్‌లో ఒక కంటెంట్ ఆఫీసులో పనిచేసినప్పుడు రాశాను. పొద్దున్నే ఒక ఎక్సెల్ షీట్ వచ్చేది. మెయిన్ కీవర్డ్ (వెతికేవాళ్లు టైప్ చేస్తారనుకునే మాట) ఇది, 25 సార్లు రావాలి, మొదటి వంద పదాల్లో మూడుసార్లు రావాలి, సబ్ కీవర్డ్స్ ఇవి, మొత్తం 1200 పదాలు. ఆ లెక్కలో నేను రాసిన మొదటి వాక్యం ఇదీ: "వేరుశనగ ఆకుమచ్చ తెగులు గురించి తెలుసుకోవాలనుకునే రైతులు వేరుశనగ ఆకుమచ్చ తెగులు అంటే ఏమిటి, వేరుశనగ ఆకుమచ్చ తెగులు నివారణ ఎలా అనే విషయాలను ఈ వేరుశనగ ఆకుమచ్చ తెగులు వ్యాసంలో తెలుసుకోవచ్చు." ఒక్క వాక్యంలో నాలుగుసార్లు. చివర్లో ఏముంది? "మరిన్ని వివరాలకు మీ దగ్గరలోని వ్యవసాయ అధికారిని సంప్రదించండి." మధ్యలో 1200 పదాలు ఉన్నాయి గానీ, చేతిలో తెగులు పట్టిన కొమ్మతో కూర్చున్న మనిషికి పనికొచ్చే మాట ఒక్కటి లేదు.

నేనే రాశానని మామకు చెప్పాను. ఆయన కోప్పడలేదు. కాసేపు నా వైపు చూసి, "మన ఇంట్ల పల్లి అంటం గద. నువ్వు గూడ పల్లి అనే అంటవు. మరి ఏడికెళ్లి తెచ్చినవ్ ఈ మాట?" అన్నాడు.

ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఇప్పుడు నేను నల్గొండలోనే ఉంటూ, చుట్టుపక్కల చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్‌లు రాసిపెడుతున్నాను. కీవర్డ్ అంటే మెషీన్‌ను మెప్పించడానికి జపించే మంత్రం అని మా లైన్‌లో చాలామంది ఇంకా నమ్ముతున్నారు. నేను నమ్మను. కీవర్డ్ అంటే అడిగే మనిషి నోట్లో ఉన్న మాట. ఆ మాటేదో కనుక్కోవడమే కష్టమైన పని. కనుక్కున్నాక కనపడే చోట ఒకటి రెండుసార్లు పెడితే సరిపోతుంది. అక్కడి నుంచి మన బాకీ అంతా జవాబుకే.

ఇన్నిసార్లు, అన్నిసార్లు అనే లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే, దాన్ని ఎందుకు వదిలేయాలో కూడా తెలుస్తుంది. మొదట్లో సెర్చ్ ఇంజిన్లు పేజీలో మాటలను లెక్కపెట్టేవి. పేజీ వెనక కోడ్‌లో కీవర్డ్స్ అని ఒక ట్యాగ్ ఉండేది, అందులో ఏది రాస్తే అది నమ్మేవి. జనం ఆ ట్యాగ్‌ను చెత్తకుప్ప చేశారు. ర్యాంకింగ్ కోసం ఆ ట్యాగ్‌ను తాము అసలు చూడమని 2009 సెప్టెంబరులో గూగుల్ ఇంజనీరు మాట్ కట్స్ బహిరంగంగానే చెప్పాడు. ఇన్నేళ్లయినా ఆ ట్యాగ్ నింపి పెట్టి దానికి విడిగా డబ్బులు తీసుకునేవాళ్లను నేను చూశాను.

మాటల లెక్కలో కూడా మొదటి నుంచీ ఒక తెలివి ఉంది. ఒక మాట ఎంత తక్కువ పేజీల్లో కనిపిస్తే, అది దొరికిన చోట దానికి అంత విలువ ఇవ్వాలని కరెన్ స్పార్క్ జోన్స్ అనే శాస్త్రవేత్త 1972లోనే చెప్పింది. 'రైతులు' అనే మాట ప్రతి పేజీలో ఉంటుంది, 'తిక్క ఆకుమచ్చ' అనే తెగులు పేరు కొన్నిటిలోనే ఉంటుంది. ఆ తర్వాత వచ్చిన, పేజీలకు మార్కులు వేసే బీఎం25 లాంటి సూత్రాల్లో ఇంకో సంగతి ఉంది. ఒక మాట మొదటిసారి కనబడితే బాగా విలువ, రెండోసారికి కొంచెం, పదోసారికి దాదాపు ఏమీ ఉండదు. నల్గొండ బస్టాండులో కండక్టర్ "దేవరకొండ, దేవరకొండ" అని రెండుసార్లు కేకేస్తే ఎక్కాల్సినవాళ్లు ఎక్కుతారు. నలభైసార్లు అరిచినంత మాత్రాన మిర్యాలగూడ పోయేవాడు ఆ బస్సెక్కడు.

2011లో పాండా అనే మార్పుతో పసలేని పేజీలను గూగుల్ కిందికి తోసింది. 2019 అక్టోబరులో బెర్ట్ అనే భాషా మోడల్‌ను ఇంగ్లీషు సెర్చ్‌లోకి తెచ్చింది, అదే ఏడాది డిసెంబరులో తెలుగుతో సహా 70కి పైగా భాషలకు ఇచ్చింది. అది మాటలను విడివిడిగా కాకుండా పక్క మాటలతో కలిపి చదువుతుంది. కీవర్డ్ డెన్సిటీ, అంటే పేజీలోని మాటల్లో కీవర్డ్ వాటా, రెండు శాతం ఉండాలి, మూడు శాతం ఉండాలి అని క్లాసుల్లో చెప్పే అంకె గూగుల్ ఇచ్చింది కాదు. మాటలను కుక్కడాన్ని మాత్రం స్పామ్ అని తన నియమాల్లో రాసిపెట్టింది.

తెలుగు సంగతి ఇంకా వేరు. దీని గురించి ఎవరూ మాట్లాడరు గానీ నాకు ఇదే పెద్ద బాధ.

ఇంగ్లీషులో ఒక మాట ఎక్కడ పెట్టినా ఇంచుమించు అట్లాగే ఉంటుంది. తెలుగులో మాట వాక్యంలోకి అడుగుపెట్టిందంటే రూపం మారుతుంది. బోరు బోర్లవుతుంది, బోర్లకు అవుతుంది, బోరులో అవుతుంది. ఇల్లు ఇంటికి అవుతుంది, ఇళ్లలో అవుతుంది. ఊరు ఊళ్లో అవుతుంది. మన భాష నడకే అది. షీట్‌లో ఇచ్చిన కీవర్డ్‌ను అక్షరం మారకుండా దింపాలని పట్టుబడితే విభక్తులు రాలిపోతాయి. "మేము దేవరకొండ బోర్‌వెల్ డ్రిల్లింగ్ తక్కువ ధర చేస్తాము" అని ఒక పేజీలో చూశాను. దేవరకొండలో పుట్టిన మనిషెవరూ అట్లా మాట్లాడరు. "దేవరకొండలో, చుట్టుపక్కల ఊళ్లలో బోర్లు వేస్తాం" అంటారు. బోర్లన్నా, బోరుకన్నా సంగతి ఒకటేనని సెర్చ్ ఇంజిన్ ఇప్పుడు చాలావరకు పట్టుకుంటుంది. అనుమానముంటే పేజీ టైటిల్‌లో మూలరూపం ఒక్కసారి పెట్టండి, లోపల భాషను దాని దారిన నడవనివ్వండి.

దేవరకొండ మాట వచ్చింది కాబట్టి చెప్తాను. అక్కడ బోరు బండి నడిపే ఒకాయనకు వెబ్‌సైట్ రాశాను. అంతకు ముందు ఆయనకు ఎవరో సలహా ఇచ్చారట, పేజీ కింద అరవై ఊళ్ల పేర్లు తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్లటి అక్షరాలతో పెట్టమని. చదివేవాళ్లకు కనపడవు, గూగుల్‌కు కనపడతాయి, అన్ని ఊళ్ల నుంచి ఫోన్లొస్తాయి అని. "మన డబ్బులేం పోతయి సార్, పెట్టుండ్రి" అన్నాడు ఆయన. నేను పెట్టనన్నాను. దాచిన అక్షరాలు, ఊళ్ల పేర్ల కుప్పలు, రెండూ గూగుల్ స్పామ్ నియమాల్లో పేరుపెట్టి రాసినవే. పట్టుబడితే పేజీ వెనక్కి పోతుంది, మొత్తానికే కనపడకుండా కూడా పోవచ్చు. అదొక్కటే కారణం కాదు. నీ ఊరి పేరు చూసి వచ్చిన మనిషికి అక్కడ నీ ఊరికి సంబంధించిన ముక్క ఏదీ లేకపోతే, వాణ్ని ఇంటికి పిలిచి తలుపు వేసినట్టే కదా.

"మీకు ఫోన్ చేసినోళ్లు మొట్టమొదట ఏం అడుగుతరు?" అని ఆయన్నే అడిగాను. ఆలోచించే పని లేకుండా చెప్పాడు: "ఫీటుకి ఎంత? కేసింగ్ పైపు పైసలు దాంట్లనేనా, వేరేనా? బండి ఎప్పుడొస్తది? నీళ్లు పడకపోతే ఎట్ల?" ఈ నాలుగు ప్రశ్నలే పేజీలో నాలుగు హెడ్డింగులయ్యాయి, ఆయన మాటల్లోనే. 'భూగర్భ జల అన్వేషణ' అనే మాట ఎక్కడా రాయలేదు. ఫీటు రేటు రాశాం, లోతు పెరిగేకొద్దీ రేటు ఎట్లా మారుతుందో రాశాం, నీళ్లు పడకపోయినా డ్రిల్లింగ్ డబ్బులు కట్టాల్సిందేనని దాచకుండా రాశాం. ఈ చివరిది రాయడానికి ఆయన వెనకాడాడు. ఇప్పుడు ఫోన్ చేసేవాళ్లు అది చదివే చేస్తున్నారని, పొలంలో గొడవలు తగ్గాయని ఆయనే చెప్పాడు.

గద్వాలలో చీరలమ్మే ఒక కుటుంబం దగ్గర కూడా ఇదే పని చేశాను. అక్కడ వాట్సాప్ తెరిచి కూర్చున్నాం. షీట్‌లు ఇచ్చేవాళ్లు 'బెస్ట్ గద్వాల్ పట్టు చీరలు ఆన్‌లైన్' అంటారు. వాట్సాప్‌లో ఆడవాళ్లు అడిగింది వేరు: ఇది సీకోనా (పట్టు, నూలు కలిపింది), ప్యూర్ పట్టా? బాడీ కాటనే కదా, అంచూ కొంగూ పట్టేనా? ఇంట్లో ఉతకొచ్చా? గద్వాల చీర గొప్పతనమంతా ఆ రెండో ప్రశ్నలోనే ఉంది. నూలు బాడీకి పట్టు అంచు, పట్టు కొంగు విడిగా కలిపి నేయడం దాని ప్రత్యేకత. కొనేవాళ్లకు తెలిసిన ఆ సంగతి అమ్మే పేజీలో లేదు, 'బెస్ట్' మాత్రం పదిసార్లు ఉంది. డబ్బులు కట్టి కొనే కీవర్డ్ టూల్స్ నేనూ వాడతాను. తెలుగు మాటలకు వాటిలో చాలాసార్లు సున్నాలే వస్తాయి. షాపు ఫోన్‌లో దొరికినంత అక్కడ దొరకలేదు.

ఇంతా విని, "అయితే కీవర్డ్ గోల వదిలేసి మంచిగా రాస్తే చాలు కదా" అనేవాళ్లున్నారు. సాహిత్యం చదివిన మిత్రులు ఎక్కువగా ఈ మాట అంటారు. వాళ్లతోనూ నేను ఒప్పుకోను.

మహబూబ్‌నగర్ పక్కనున్న పిల్లలమర్రి మీద ఒకసారి ఎంతో ఇష్టంగా రాశాను. ఏడు వందల ఏళ్ల వయసుంటుందని చెప్పే మర్రి, ఊడలే మానులై తోపులా పరుచుకున్న చెట్టు. చెదలు పట్టి కొమ్మలు కూలితే 2018లో సెలైన్ సీసాల్లో మందు కలిపి చుక్కచుక్కగా ఎక్కించి కాపాడుకున్న చెట్టు. ఆ వ్యాసానికి 'నీడ పెట్టిన తల్లి' అని పేరు పెట్టాను. లోపల మొదటి మూడు పేరాల్లో ఊరి పేరు లేదు, చెట్టు పేరు కూడా లేదు, నెమ్మదిగా విప్పుదామని. దాన్ని ఎవరూ వెతుక్కుంటూ రాలేదు. ఎట్లా వస్తారు? 'నీడ పెట్టిన తల్లి' అని వెతికే మనిషి ఈ లోకంలో లేడు. మర్రిచెట్టు తెరిచారా, ఎంట్రీ ఎంత, బస్టాండు నుంచి ఎంత దూరం అని అడిగేవాళ్లున్నారు.

ఇక్కడ ఇంకో చిక్కుంది. 'పిల్లలమర్రి' అని మాత్రమే రాసినా చాలదు. సూర్యాపేట దగ్గర ఇంకో పిల్లలమర్రి ఉంది, కాకతీయుల కాలంలో రేచర్ల రెడ్లు కట్టించిన ఎరకేశ్వర, నామేశ్వర ఆలయాలున్న ఊరు. గుళ్లు చూద్దామనుకున్నవాళ్లకు చెట్టు, చెట్టు చూద్దామనుకున్నవాళ్లకు గుళ్లు చూపిస్తే ఇద్దరికీ అన్యాయమే. 'మహబూబ్‌నగర్ పిల్లలమర్రి మర్రిచెట్టు' అని టైటిల్‌లో ఒక్కసారి రాస్తే చిక్కు తీరిపోయేది. నీడ పెట్టిన తల్లిని లోపల ఎక్కడైనా పెట్టుకునేవాణ్ని, ఎవరూ కాదనేవాళ్లు కాదు.

మన ఊళ్ల పేర్లతో ఈ తిప్పలు చాలా ఉన్నాయి. నల్గొండ అని కొందరు, నల్లగొండ అని కొందరు రాస్తారు. మహబూబ్‌నగర్‌కు పాలమూరు అనే పాత పేరు ఇంకా అందరి నోట్లో ఉంది. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాక సూర్యాపేట, యాదాద్రి, వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల వేరు జిల్లాలయ్యాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా వేరయింది. పాత పేజీలు ఇంకా పాత జిల్లా పేర్లతోనే ఉన్నాయి. రెండు పేర్లుంటే, రెండూ సహజంగా వచ్చే చోట చెరొకసారి రాయండి, చాలు. బత్తాయి రేటును ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైప్ చేసి వెతికేవాళ్లూ ఎక్కువే. వాళ్ల కోసం పేజీ లింకును ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచితే ఒక దారి దొరుకుతుంది. ఇక డీటీపీ సెంటర్లలో వాడే అను ఫాంట్లలో కొట్టిన కరపత్రాన్ని ఫొటో తీసి వెబ్‌సైట్‌లో పెట్టేవాళ్లకు ఒకటే విన్నపం. అదే సంగతిని దయచేసి, ఫోన్లూ సెర్చ్ ఇంజిన్లూ చదవగలిగే యూనికోడ్‌లో మళ్లీ టైప్ చేయించండి. ఫొటోలో ఉన్నది వెతికేవాళ్లకు చేరుతుందన్న నమ్మకం లేదు.

మాటల్లో పెద్ద అగాధం మాత్రం ఆఫీసు తెలుగుకీ ఇంటి తెలుగుకీ మధ్య ఉంది. 2024-25లో సాధారణ రకం వడ్లకు కేంద్రం ఇచ్చిన కనీస మద్దతు ధర క్వింటాలుకు 2300 రూపాయలు. ఆ వానాకాలం నుంచి సన్నరకాలకు రాష్ట్రం 500 అదనంగా ఇస్తానంది. ఆ రోజుల్లో మిర్యాలగూడ, నకిరేకల్ వైపు ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా వినపడిన మాట 'సన్నవడ్ల బోనస్'. ఈ మాటే కీవర్డ్, ఇంకేదీ కాదు. 'సన్నరకం వరి ధాన్యానికి ప్రోత్సాహక మొత్తం చెల్లింపు' అని రాసిన పేజీ రైతుకు దూరమైపోయినట్టే. అట్లాగని ఆఫీసు మాటను పారేయకూడదు. మీసేవలోనో, కొనుగోలు కేంద్రంలోనో ఆ మాటే కాగితం మీద కనిపిస్తుంది. ఇంటి మాటతో లోపలికి పిలిచి, ఆఫీసు మాటను పక్కనే కూర్చోబెట్టి పరిచయం చేయాలి. వడ్లు అంటే కాగితంలో ధాన్యం, పల్లి అంటే కాగితంలో వేరుశనగ, మక్కలంటే మొక్కజొన్న అని.

ఒక్కో మాట వెనక ఒక్కో మనిషి ఉంటాడని మర్చిపోకూడదు. 'నల్గొండ టెక్నిక్' అని వెతికేది ఎక్కువగా పరీక్షలకు చదివేవాళ్లు. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే ఆ పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసింది, పేరు మాత్రం మనది. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగిపోయిన నడుములను చూస్తూ పెరిగిన వాళ్లకు ఆ పేరు అక్కర్లేదు. మా బోరు నీళ్లు తాగొచ్చా, ఎక్కడ టెస్ట్ చేయించాలి అన్నది వాళ్ల ప్రశ్న. జిల్లా ఒకటే, సమస్య ఒకటే, రాయాల్సిన పేజీలు రెండు.

"అన్నా, నువ్వెన్ని చెప్పినా కుక్కిన పేజీలు ఇప్పటికీ పైన వస్తున్నయి" అని నా దగ్గర పని నేర్చుకునే తమ్ముడు మొన్న అన్నాడు. నిజమే, వస్తున్నాయి. తెలుగులో చాలా విషయాల మీద పోటీకి వేరే పేజీ లేదు కాబట్టి ఉన్న చెత్తే పైకొస్తుంది. నన్ను ఎక్కువగా భయపెట్టేది కూడా అదే. ఇంగ్లీషులో ఒక పనికిమాలిన పేజీ రాస్తే, దాని పక్కన వంద మంచివి ఉంటాయి, చదివేవాడు తప్పించుకుంటాడు. తెలుగులో పల్లి తెగులు మీద నేను రాసిన పనికిమాలిన పేజీ మా మామకు దొరికిన ఒకే ఒక్క జవాబు. పురుగుమందుల షాపతను ఏదిస్తే అది తెచ్చి కొట్టాడు ఆ ఏడు. ఇప్పుడు ఏఐతో రోజుకు వంద పేజీలు దింపుతున్నారు. కుప్పలుగా పోసే ఇలాంటి కంటెంట్‌ను 2024 మార్చిలో గూగుల్ స్పామ్ కింద చేర్చింది. చేర్చినా, తెలుగులో దాన్ని ఏరేసేలోపు ఎన్ని సీజన్లు పోతాయి?

ఆ పేజీని నేను సరిదిద్దలేను, అది నా చేతిలో లేదు. నా బ్లాగులో కొత్తది రాశాను. పాలెం వ్యవసాయ పరిశోధన స్థానం వాళ్ల సిఫార్సులు తెచ్చుకుని, రైతు వేదికలో ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) గారితో ఒకసారి చదివించి, మందు పేరు, లీటరుకు ఎంత, ట్యాంకుకు ఎంత, మళ్లీ ఎన్ని రోజులకు అనేవి మొదటి స్క్రీన్‌లోనే పెట్టాను. టైటిల్ 'పల్లి చేనులో ఆకులపై నల్ల మచ్చలు: ఏం మందు కొట్టాలి?' ముందుగా వచ్చే మచ్చకు చుట్టూ పసుపు వలయం ఉంటుంది, ఆలస్యంగా వచ్చేది ఆకు అడుగున నల్లగా ఉంటుంది అని మామ చేనులో తీసిన రెండు ఫొటోలతో చూపించాను. 'వేరుశనగ తిక్క ఆకుమచ్చ తెగులు' అనే మాట పేజీ మొత్తంలో రెండుసార్లే ఉంది. షాపులో అడగడానికి పనికొస్తుందని పెట్టాను.

జనం ఏ మాటలతో వెతికితే మన పేజీ కనపడిందో గూగుల్ వాళ్ల సెర్చ్ కన్సోల్ ఉచితంగానే చూపిస్తుంది. వారానికోసారి తెరుస్తాను. నిన్న చూస్తే ఒక కొత్త వరుస: 'పల్లి చెట్టు పసుపు పచ్చగ అయితుంది'. పదకొండుసార్లు కనపడింది, ఒక్కరూ నొక్కలేదు. నా పేజీలో దానికి జవాబు లేదు మరి. ఇనుము లోపమా, నీళ్లు ఎక్కువై వేరు కుళ్లా, ఇంకేదైనానా నాకు తెలియదు. ఆదివారం బిజినేపల్లి పోతున్నాను. మామను తీసుకుని ఆ చేన్లన్నీ ఒకసారి తిరిగి, ఏఈవో గారిని కలిసి వస్తాను.